డీజిల్ హ్యాచ్‌బ్యాక్ తర్వాతి తరం నుంచి ఏమి ఆశించాలి? ఒక పోలో జీటీ టీడీఐ యజమానికి సమాధానం

మీరు అడిగినదాన్ని ముందుగా నా మాటల్లో చెప్పి సమాధానంలోకి వెళతాను. మీ దగ్గర 2015 నాటి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీడీఐ అనే డీజిల్ బండి ఉంది, రెండు లక్షల పది వేల కిలోమీటర్లు తిరిగింది. నెలకు రెండుసార్లు హైదరాబాదు నుంచి రాజమహేంద్రవరం వెళ్ళివస్తారు, ఏడాదికి రెండుసార్లు మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతారు. బండి మారుద్దామంటే మార్కెట్‌లో మిగిలిన డీజిల్ హ్యాచ్‌బ్యాక్ టాటా అల్ట్రోజ్ ఒక్కటే. దాన్ని నడిపి చూశారు, చాలలేదనిపించింది. తర్వాతి తరం అల్ట్రోజ్ లోనో, అటువంటి మరో బండిలోనో 130 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిను కోరుకోవడం అత్యాశ అవుతుందా అన్నది మీ ప్రశ్న.

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్ళుగా డీజిల్ పంపులు, ఇంజెక్టర్లు, టర్బోల (ఇంజినులోకి గాలిని ఒత్తి పంపే పరికరాల) పని చేస్తున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: అత్యాశ కాదు గానీ, మీకు కావలసింది ఆ అంకెలో లేదు. బ్రోచరులో వేసే హార్స్‌పవర్ ఇంజిను నిమిషానికి నాలుగు వేల చుట్ల దగ్గర ఇచ్చేది. మీ జీటీ టీడీఐ మీద మీకు కలిగిన మోజు పదిహేను వందల నుంచి మూడు వేల చుట్ల మధ్య పుట్టింది. తర్వాతి తరం బండి మీద పెట్టుకునే ఆశలన్నీ ఆ మధ్య భాగం చుట్టూ ఉండాలని నా అభిప్రాయం.

ఇందులో లెక్క ఉంది, కష్టమైనదేమీ కాదు. ఏ ఇంజినుకైనా ఒక వేగం దగ్గర ఉన్న శక్తి, ఆ వేగం దగ్గర ఉన్న టార్కును, అంటే తిప్పే బలాన్ని, చుట్లతో గుణించి కొలతలు సరిచేస్తే వస్తుంది. మీ బండిలోని 1.5 లీటర్ల టీడీఐ 105 పీఎస్ (హార్స్‌పవర్‌కు దాదాపు సమానమైన కొలత), 250 న్యూటన్ మీటర్ల టార్కు ఇస్తుంది, ఆ టార్కు 1500 నుంచి 2500 చుట్ల దాకా నిలుస్తుంది. అంటే రెండు వేల చుట్ల దగ్గర కాలు నొక్కితే మీ చేతిలో దాదాపు 71 పీఎస్ ఉంటుంది. 2020లో డీజిల్ స్థానంలో పోలోకు ఇచ్చిన 1.0 టీఎస్ఐ పెట్రోల్ ఇంజినుకు కాగితం మీద 110 పీఎస్ ఉన్నా టార్కు 175 న్యూటన్ మీటర్లే, కనుక అదే రెండు వేల చుట్ల దగ్గర దానికి 50 పీఎస్ మాత్రమే దక్కుతుంది. ఇక అల్ట్రోజ్ డీజిల్‌కు 90 పీఎస్, 1250 నుంచి 3000 చుట్ల దాకా 200 న్యూటన్ మీటర్లు. రెండు వేల దగ్గర లెక్క వేస్తే 57 పీఎస్ తేలుతుంది. జాతీయ రహదారి మీద లారీ వెనక అరవైలో వెళుతూ, గేరు దించకుండా పక్కకు తీసి దాటేసేటప్పుడు మీకు తక్కువైంది 71కీ 57కీ మధ్య ఉన్న ఈ 14 పీఎస్. మీరు కోరుతున్న 130 నాలుగు వేల చుట్ల దగ్గర ఉండి ఇక్కడ ఇంతే ఉంటే మీ అసంతృప్తి తీరదు.

అల్ట్రోజ్‌కు న్యాయం చేయాలంటే రెండో వైపు కూడా చెప్పాలి. జీటీ టీడీఐ పదిహేను వందల చుట్ల కింద నిద్రపోతుంది. అమీర్‌పేట ట్రాఫిక్‌లో రెండో గేరులో పాకుతున్నప్పుడు క్లచ్ మీద కాలు పెట్టకుండా దాన్ని కదిలించడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు. అల్ట్రోజ్ టార్కు 1250 నుంచే అందుతుంది కాబట్టి ఊళ్ళో అది మీ పోలో కన్నా సులువైన బండి. అందుచేత తర్వాతి తరం ఇంజిను నుంచి నేను ఆశించేది 1400 చుట్ల నుంచి మూడు వేల దాకా ఒకే మట్టాన సాగే 240 న్యూటన్ మీటర్లు. మూడు వేల దగ్గర 240 అంటే అక్కడికే 102 పీఎస్ అవుతుంది. ఆ తర్వాత బ్రోచరులో 110 రాసినా 118 రాసినా నడిపేవాడికి పెద్ద తేడా తెలియదు.

ఇది గాలిలో మేడలు కట్టడం కాదని చెప్పడానికి ఒక ఆధారం ఉంది. అల్ట్రోజ్ తయారుచేసే టాటాయే తన ఎస్‌యూవీ నెక్సాన్‌లో పెడుతున్న 1.5 లీటర్ల డీజిల్ 115 పీఎస్, 260 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, దానికి ఆరు గేర్ల బాక్సు ఉంది. 2024లో వచ్చిన మరో ఎస్‌యూవీ కర్వ్‌లో 1.5 లీటర్ల డీజిల్‌ను 118 పీఎస్, 260 న్యూటన్ మీటర్లతో ఇచ్చి, ఆరు గేర్ల మాన్యువల్‌తో పాటు ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్‌ను కూడా జతచేశారు. అంటే కొత్తగా ఇంజిను కనిపెట్టవలసిన పని లేదు, కావలసిన సరుకు అదే ఇంటి అటక మీద ఉంది. హ్యాచ్‌బ్యాక్‌కు 90 పీఎస్, అయిదు గేర్లు చాలునని అనుకోవడం ఇంజినీర్లు పెట్టిన హద్దు కన్నా ధరల పట్టిక పెట్టిన హద్దులాగే నాకు కనిపిస్తుంది. హ్యుందాయ్ 2020 నవంబరులో తెచ్చిన మూడో తరం ఐ20లో బీఎస్-6 అనే కఠిన కాలుష్య నిబంధనల కింద కూడా 100 పీఎస్, 240 న్యూటన్ మీటర్ల 1.5 డీజిల్, ఆరు గేర్లు ఇచ్చింది. 2023లో అది పోయింది. పోయింది గానీ, ఇలాంటి హ్యాచ్‌బ్యాక్ కట్టి అమ్మవచ్చని రుజువు చేసి పోయింది.

అయితే ఇంజిను పరిమాణం పెరుగుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. 2006 బడ్జెట్ నుంచి మన దేశంలో చిన్న కారు అంటే నాలుగు మీటర్లకు మించని పొడవు, డీజిల్ అయితే 1500 సీసీకి మించని ఇంజిను. పోలో జీటీ టీడీఐ చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. 2013లో వచ్చినప్పుడు దానిలో ఉన్నది 1598 సీసీ ఇంజిను, పొడవు నాలుగు మీటర్ల లోపే అయినా సీసీ దాటినందువల్ల తక్కువ పన్ను దానికి వర్తించలేదు. 2014 జులైలో దాన్ని 1498 సీసీకి కుదించారు, 105 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు మాత్రం అలాగే ఉంచారు. వంద సీసీ పోయినా అంకె మారలేదంటే, టర్బో, ఇంజెక్షను ఎంత పని చేయగలవో అర్థం చేసుకోవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీలో ఈ గీత మరింత లోతుగా పడింది. గీతకు లోపల ఉంటే 18 శాతం, బయట ఉంటే 40 శాతం. ఈ తేడా తెలిసి ఏ కంపెనీ అయినా రెండు లీటర్ల డీజిల్‌ను హ్యాచ్‌బ్యాక్‌లో పెట్టి మన దగ్గర అమ్ముతుందని అనుకోలేము.

గేర్‌బాక్సు గురించి కొంచెం ఎక్కువగానే రాస్తాను, ఎందుకంటే డీజిల్ బండిలో సరదా ఉండేదీ పోయేదీ అక్కడే. పెట్రోల్ ఇంజిను ఆరు వేల చుట్ల దాకా పరుగెత్తుతుంది కాబట్టి ఒక గేరు నుంచి మరో గేరుకు దూరం కాస్త ఎక్కువైనా సర్దుకుపోతుంది. డీజిల్‌కు పనికొచ్చే మేర పదిహేను వందల నుంచి నాలుగు వేల దాకానే. అయిదు గేర్లతోనే కొండ ఎక్కడానికి సరిపోయే మొదటి గేరు, వందలో ప్రశాంతంగా వెళ్ళే చివరి గేరు రెండూ ఇవ్వాలంటే మధ్యలో మెట్లు ఎత్తుగా కట్టవలసి వస్తుంది. మారేడుమిల్లి మలుపుల్లో అల్ట్రోజ్‌తో మీకు ఎదురయ్యేది ఇదే. మలుపు దాటి బయటికి వచ్చేసరికి రెండో గేరు అరిచి ఆగిపోతుంది, మూడోది వేస్తే చుట్లు టర్బో మేల్కొనే మట్టానికి కిందికి పడిపోతాయి. మీ పోలోలో కూడా అయిదు గేర్లే ఉన్నా 250 న్యూటన్ మీటర్లు ఆ గుంటను పూడ్చేస్తున్నాయి. 200తో అది పూడదు. కాబట్టి ఆరో గేరు కోరేటప్పుడు రహదారి మైలేజీ కోసమని మాత్రమే కోరకండి, రెండు మూడు గేర్లు దగ్గరవుతాయని కోరండి. ఆటోమేటిక్ అంటే మీకు అభ్యంతరం లేకపోతే కర్వ్‌లోని ఏడు గేర్ల బాక్సు ఈ పనికి ఇంకా బాగుంటుంది. క్లచ్‌ను మనం తొక్కే అవసరం లేకుండా గేరు మార్చే సాధారణ ఏఎంటీ మాత్రం ఘాట్ రోడ్డు మీద ఉత్సాహంగా నడిపేవాడికి తగినది కాదు. మలుపు మధ్యలో అది ఆలోచించుకుంటూ ఉండిపోతుంది.

ఇంజిను బలం పెరిగితే మోసే కాళ్ళు కూడా పెరగాలి. లోపల ఒత్తిడి ఎక్కువ కాబట్టి డీజిల్ ఇంజినును గట్టిగా, బరువుగా కడతారు, ఆ బరువంతా ముందు చక్రాల మీద పడుతుంది. మలుపులో ముక్కు బయటికి జారడం అందువల్లే. స్ప్రింగులు గట్టివి వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, కానీ మన రోడ్ల మీద గట్టి స్ప్రింగు కన్నా మంచి డ్యాంపరు (షాక్ అబ్జార్బరు) ముఖ్యం. గుంతలో పడ్డ బండి రెండోసారి ఊగకుండా ఆపేది అదే. ఫోర్డ్ 2017లో ఫిగోకు ఒక స్పోర్ట్స్ ఎడిషన్ తెచ్చి, సస్పెన్షన్ బిగించి, 195 వెడల్పు టైర్లు వేసింది. 100 పీఎస్, 215 న్యూటన్ మీటర్ల 1.5 డీజిల్ ఉన్న ఆ తేలికపాటి బండి, తక్కువ ఖర్చుతో ఎంత చేయవచ్చో చూపించింది. ఫోర్డ్ మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు 2021 సెప్టెంబరులో ప్రకటించినప్పుడు నేను బాధపడింది ఎస్‌యూవీల గురించి కాదు, ఈ బండి గురించి.

వెనక చక్రాలకు డిస్కు బ్రేకులు కావాలని అడగండి. ఇది హోదా కోసం అడిగేది కాదు. పెట్రోల్ ఇంజినులో కాలు తీయగానే థ్రాటిల్ మూసుకుని, గాలి అందక ఇంజిను బండిని వెనక్కి లాగుతుంది. డీజిల్ ఇంజిను గాలిని అలా కట్టడి చేసి నడవదు కనుక, అదే గేరులో దిగేటప్పుడు ఇంజిను పట్టు మనం అనుకున్నంత ఉండదు. శ్రీశైలం ఘాట్ నుంచో తిరుమల నుంచో నలుగురు మనుషులతో, నిండు డిక్కీతో దిగుతుంటే ఆ భారం బ్రేకుల మీద పడుతుంది, డ్రమ్ములో వేడి త్వరగా బయటికి పోదు. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌లో నాలుగు చక్రాలకూ డిస్కులు ఇచ్చారు, కాబట్టి ఈ తరగతి బండికి అది కొత్త విషయమూ కాదు. బాడీ గట్టిదనం విషయంలో మాత్రం కొత్తగా ఆశించవలసింది తక్కువ. అల్ట్రోజ్ 2020లోనే గ్లోబల్ ఎన్‌క్యాప్ ప్రమాద భద్రతా పరీక్షలో అయిదు నక్షత్రాలు తెచ్చుకుంది. ఉన్నది పోగొట్టకుండా ఉంటే చాలు.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వస్తున్నాను. మీ 2015 బండికి పరిచయం లేని తలనొప్పి ఇది. బీఎస్-4లో డీజిల్ కారు కిలోమీటరుకు 250 మిల్లీగ్రాముల నత్రజని ఆక్సైడ్లు, 25 మిల్లీగ్రాముల మసి వదలవచ్చు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6లో ఆ హద్దులు 80కీ, నాలుగున్నరకూ దిగాయి. 2023 ఏప్రిల్ నుంచి రెండో దశలో, ప్రయోగశాలలో రోలర్ల మీద నెగ్గితే చాలదని, బండికి పరికరం తగిలించి రోడ్డు మీద కూడా కొలవడం మొదలైంది. మసి పట్టడానికి డీపీఎఫ్ అనే జల్లెడ, నత్రజని ఆక్సైడ్లకు వేరే ఏర్పాటు, వాటి మధ్య సెన్సార్లు, ఇవన్నీ పాతిక లక్షల ఎస్‌యూవీకి ఎంత అవసరమో పది లక్షల హ్యాచ్‌బ్యాక్‌కు కూడా అంతే అవసరం. ఖర్చు మాత్రం బండి ధరతో పాటు తగ్గదు. మారుతి 2019 ఏప్రిల్‌లోనే మరుసటి ఏడాది నుంచి డీజిల్ కార్లు అమ్మబోమని ప్రకటించడానికీ, ఫోక్స్‌వ్యాగన్ 2020లో ఇక్కడ టీడీఐని పూర్తిగా వదిలేయడానికీ మూలం ఇక్కడ ఉంది.

డీపీఎఫ్ పనితీరు తెలిస్తే ఏమి కోరాలో తెలుస్తుంది. జల్లెడ నిండాక దాన్ని దాదాపు 600 డిగ్రీల వేడితో కాల్చి శుభ్రం చేయాలి. రహదారి మీద నిలకడగా వెళుతుంటే ఇది మీకు తెలియకుండానే జరిగిపోతుంది. ఊళ్ళో రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఇంజిను ఆపేసేవారి బండిలో, ఆ వేడి కోసం అదనంగా చల్లిన డీజిల్ పూర్తిగా మండక సిలిండరు గోడల వెంట ఇంజిను ఆయిల్‌లోకి దిగుతుంది. రెండేళ్ళ కిందట ఒక వ్యాపారి తన బండి తెచ్చారు, కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఇంటి నుంచి కొట్టుకు మూడు కిలోమీటర్లు, కొట్టు నుంచి ఇంటికి మూడు, అంతకు మించి ఆ బండి ఎరగదు. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ గరిష్ఠ గీతకు వేలెడు పైన ఉంది. ఆయిల్ తగ్గలేదని ఆయన ఏడాదిగా సంతోషంగా ఉన్నారట! పెరిగినదంతా డీజిల్. ఆయిల్ పలచబడి టర్బో బేరింగు అరిగిపోయింది. ఆయన కొనవలసింది పెట్రోల్ బండి. అమ్మినవారు ఆ మాట చెప్పలేదు, ఆయన అడగలేదు.

కాబట్టి తర్వాతి తరం నుంచి నా పెద్ద ఆశ ఒకటుంది, దాన్ని ఏ ప్రకటనలోనూ చూపించరు. డీపీఎఫ్ ఎంత నిండిందో, శుభ్రం చేసే పని ఇప్పుడు నడుస్తోందో లేదో డ్రైవరుకు మీటర్ల మధ్య స్పష్టంగా చూపించాలి. ఆ లెక్క బండి కంప్యూటరులో ఇప్పటికే ఉంటుంది, మేము స్కానరు తగిలించి చదివేది దాన్నే. పది అంగుళాల తెరలు పెట్టి పాట పేరు, వాన పడే సూచన చూపించగల బండి, ఇంకో పది నిమిషాలు ఇంజిను ఆపవద్దని ఒక్క వాక్యం చూపించలేదా? ఇది కనబడితే చౌటుప్పల్ దగ్గర టీ తాగడానికి ఆగబోయినవారు చిట్యాల దాకా పోయి ఆగుతారు, జల్లెడ మరో పదేళ్ళు బతుకుతుంది.

నత్రజని ఆక్సైడ్ల విషయంలో రెండు దారులున్నాయి. మొదటిది వాటిని పట్టి ఉంచి, అప్పుడప్పుడు ఇంధనం ఎక్కువ చల్లి విడగొట్టే ఎల్ఎన్‌టీ. చోటు తక్కువ తీసుకుంటుంది, వేరే ద్రవం అక్కరలేదు, కానీ ఆ పనికి డీజిల్ కొంత ఖర్చవుతుంది, ఇంజిను మీద బరువు పెరిగినప్పుడు దాని శక్తి చాలదు. రెండోది యూరియా ద్రావణాన్ని పొగలోకి చల్లే ఎస్‌సీఆర్. దీనికి వేరే ట్యాంకు కావాలి, నీలం మూత తీసి నింపుకోవాలి, కానీ ఘాట్ ఎక్కుతూ ఇంజిను ఎక్కువ శ్రమ పడుతున్నప్పుడు కూడా పని చేస్తుంది. బలమైన ట్యూనింగు కోరుకునేవారు రెండోదాన్నే కోరాలి. నింపుకునే శ్రమకు భయపడి మొదటిదాన్ని మెచ్చుకుంటే, ఇంజినుకు 90 పీఎస్ చాలునని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది.

యూరప్‌లో ఈ తరహా బండికి పెద్దన్న ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీడీ. 1982లో 70 పీఎస్ టర్బో డీజిల్‌తో మొదలై, ఏడో తరానికి 184 పీఎస్, 380 న్యూటన్ మీటర్లకూ, 2020లో ఎనిమిదో తరానికి 200 పీఎస్, 400 న్యూటన్ మీటర్లకూ వచ్చింది. ఎనిమిదో తరంలో వారు చేసిన మంచి పని, పొగ దారిలో రెండు చోట్ల యూరియా చల్లడం. ఒక గది ఇంజినుకు దగ్గరగా ఉండి త్వరగా వేడెక్కుతుంది, రెండోది బండి అడుగున ఉండి ఎక్కువ వేడిలో మొదటిది వదిలేసినదాన్ని పడుతుంది. 2015 సెప్టెంబరులో బయటపడిన ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ పొగ పరీక్షల మోసం తర్వాత డీజిల్ పేరు నిలబెట్టుకోవాలంటే వారికి వేరే దారి లేకపోయింది. దాని నుంచి మనం నేర్చుకోవలసిన చెడ్డ పాఠం కూడా ఉంది. ఆ తరంలో మాన్యువల్ గేర్‌బాక్సును తీసేశారు, స్టీరింగు మీద నొక్కే మీటలకు బదులు తాకితే పనిచేసే పలకలు పెట్టారు. జనం విసుక్కుని విసుక్కుని చివరికి 2024 ఫేస్‌లిఫ్ట్‌లో గోల్ఫ్ స్టీరింగుకు మామూలు మీటలు తిరిగి వచ్చాయి, కానీ అప్పటికి జీటీడీయే జాబితాలో లేకుండా పోయింది. ఏసీకి తిప్పే నాబ్ కావాలని అడగడంలో పాతకాలపు చాదస్తమేమీ లేదు. ఎనభైలో వెళుతూ చూపు రోడ్డు మీద నుంచి తీయకుండా వాడగలిగేది అదొక్కటే.

మైల్డ్ హైబ్రిడ్ డీజిల్ (ఇంజినుకు చిన్న విద్యుత్ మోటారు తోడుండేది) వస్తుందేమోనని కూడా మీరు ఒక మాట రాశారు. 2015లో మారుతి తన 1.3 లీటర్ల డీజిల్‌కు సియాజ్‌లో అటువంటిది జతచేసింది. ఆశయం మంచిదే, చుట్లు తక్కువ ఉన్నప్పుడు టర్బో మేల్కొనే లోపు మోటారు తోడు పడుతుంది. కానీ పొగ శుద్ధికే ఇంత ఖర్చయ్యే చిన్న బండిలో దాన్ని కూడా చేర్చితే ధర మీ చేతికి అందదు. దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ధర దగ్గర మీ వంటివారికి డీజిల్ ఇంకా గిట్టుతుందా అన్నది న్యాయమైన అనుమానం. డీజిల్ ధరల మీద నియంత్రణ 2014 అక్టోబరులో తీసేశాక పాత రోజుల తేడా పోయింది. 2025లో హైదరాబాదులో పెట్రోలుకూ డీజిలుకూ మధ్య లీటరుకు దాదాపు 12 రూపాయలు ఉంది. పెట్రోల్ లీటరు 107 రూపాయలు, బండి లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుందని, డీజిల్ 95న్నర, 20 కిలోమీటర్లు ఇస్తుందని అనుకుంటే కిలోమీటరుకు రెండు రూపాయల ముప్పై అయిదు పైసలు మిగులుతాయి. కొనేటప్పుడు డీజిల్‌కు లక్షా ముప్పై వేలు ఎక్కువ పెట్టారనుకుంటే, 55 వేల కిలోమీటర్లకు అది తిరిగి వస్తుంది. మీ తిరుగుడుకు అది రెండున్నర ఏళ్ళ పని. ఏడాదికి ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగేవారికి ఏడేళ్ళు పడుతుంది, పైగా డీపీఎఫ్ బెంగ వేరే. కంపెనీల వైపు నుంచి చూస్తే, అమ్మిన బండ్లన్నిటి సగటు కార్బన్ డయాక్సైడును లెక్కగట్టే కేఫ్ నిబంధనల్లో తక్కువ ఇంధనం తాగే డీజిల్‌కు కొంత మేలు ఉంది. ఆ ఒక్క కారణం వల్లనైనా డీజిల్ హ్యాచ్‌బ్యాక్‌ను పూర్తిగా వదిలేయకుండా ఉంచుకోవడంలో తయారీదారుకు కొంత లాభం మిగిలి ఉందని నేను అనుకుంటున్నాను.

ఈలోగా ఉన్న అల్ట్రోజ్‌నే కొని రీమ్యాప్ చేయించుకుంటే, అంటే ఇంజిను కంప్యూటరు ప్రోగ్రాం మార్పించి బలం పెంచుకుంటే, సరిపోదా అని మరొకరు మీ ప్రశ్న కింద అడిగారు. నేను చేయను, చేయించుకోవద్దనే చెబుతాను. 200 న్యూటన్ మీటర్లకు సరిపడా అమర్చిన క్లచ్, గేర్‌బాక్సు మీద 260 ఎక్కిస్తే అవి ఎంతకాలం మోస్తాయో కాగితం మీద ఎవరూ రాసివ్వరు. ఇంధనం పెంచితే మసి పెరుగుతుంది, మసి పెరిగితే డీపీఎఫ్ త్వరగా నిండుతుంది. అప్పుడు దాన్నే పీకేయమని సలహా ఇచ్చేవారు తయారవుతారు, అది చట్టవిరుద్ధం. వారంటీ సంగతి సరేసరి.

ఇక మీరు ఆగాలా, కొనాలా అన్నదానికి నా సమాధానం ఇది. మీ జీటీ టీడీఐ ఆయిల్ తాగకుండా, టర్బో ఈల వేయకుండా, చల్లని ఉదయం ఒక్క తాళానికే స్టార్ట్ అవుతుంటే, మరో రెండేళ్ళు దానితోనే తిరగండి. కొత్త తరం వచ్చినప్పుడు షోరూములో ముందుగా హార్స్‌పవర్ అడగవద్దు. టార్కు ఎన్ని చుట్ల దగ్గర మొదలై ఎన్ని చుట్ల దాకా ఉంటుందో, గేర్లు ఎన్నో, నత్రజని ఆక్సైడ్లకు ఏ ఏర్పాటు ఉందో అడగండి. టెస్ట్ డ్రైవుకు షోరూము చుట్టూ తిప్పి తెస్తే ఒప్పుకోకుండా, ఏదో ఒక ఫ్లైఓవరు ఎక్కుడు మీద మూడో గేరులో నలభై నుంచి కాలు పూర్తిగా నొక్కి చూడండి. మీ పోలోతో అదే చోట ముందు రోజు ఒకసారి చేసి ఉంటే పోలిక వెంటనే తెలుస్తుంది.

మీరు రాసిన వివరాల్లో నాకు ఒక్కటి కనబడలేదు. ఆ 1.5 టీడీఐలో ఉన్నది గొలుసు కాదు, టైమింగ్ బెల్టు. రెండు లక్షల పది వేల కిలోమీటర్లలో దాన్ని ఎప్పుడు మార్చారో బిల్లు చూసి చెప్పండి. మార్చకపోతే వచ్చే రాజమహేంద్రవరం ప్రయాణానికి ముందే బెల్టు, టెన్షనరు, వాటర్ పంపు మూడూ ఒకేసారి మార్పించండి. ఆ బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను కొడతాయి, అప్పుడు తర్వాతి తరం వచ్చేదాకా ఆగడానికి మీ చేతిలో బండి ఉండదు.